కింది ఫ్లాట్ ఆంటీ గొడుగు

ఏడాది పొడుగునా ఎండే ఉండే సింగపూర్‌లో 'వేసవి సంగీతోత్సవం' ఏమిటో గానీ, ఇవాళ సాయంత్రం అందులో నేను సోలో పాడాను. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, సాయంత్రం సొప్రానో సాధన. పాశ్చాత్య సంగీతంలో ఆడగొంతు అందుకునే అతి పై స్వరాలన్నమాట. సెరంగూన్‌లో మా కింది ఫ్లాట్ చైనీస్ ఆంటీకి మాత్రం అవి కేకలు. నేను గొంతెత్తితే చాలు, చీపురు కర్రతో తన సీలింగ్‌ని మూడుసార్లు పొడిచేది. నేను నోరు మూసుకునేదాన్ని.

ఇవాళ నా ఆఖరి స్వరం మైకు లేకుండానే చివరి వరుస దాకా వెళ్లింది. చప్పట్లు ఇంకా మొదలవలేదు. ముందు వరుసలోంచి టక్, టక్, టక్! చూస్తే ఆంటీ, చేతిలో గొడుగు. మా ఆయన పిలిచాడట.

"సారీ ఆంటీ!" అనేశాను అలవాటు కొద్దీ, స్టేజీ మీంచే.

"వాట్ సారీ? వన్ మోర్ టైమ్ లా!" అని సింగపూర్ ఇంగ్లీషు యాసలో అరిచి, మళ్లీ గొడుగుతో నేల బాదింది. హాలంతా ఘొల్లున నవ్వి, లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

మా తెనాలి పద్యనాటకాల్లో తప్ప వన్స్‌మోర్ ఎక్కడా వినలేదు నేను. మళ్లీ పాడాను, ఇంకాస్త గట్టిగా.

రేపటి నుంచి సాధన కిటికీలు తెరిచే. ఎవరికైనా అభ్యంతరముంటే ముందు ఆంటీతో మాట్లాడుకోండి!