ఎవరూ వాయించని పాత గిటారు

శనివారం ఉదయం ఆరూ నలభైకి మాచర్ల బస్టాండులో నరసరావుపేట బస్సు ఎక్కాం, నేనూ మా అమ్మాయి ప్రిస్కిల్లా. మా సామాను ఒక ఖాళీ గిటారు సంచి, ఒక టిఫిన్ డబ్బా, రెండు నీళ్ల సీసాలు. ఖాళీగా పోతున్న సంచి నిండుగా తిరిగి రావాలని ముందురోజు ఉపవాస ప్రార్థనలో సంఘమంతా మోకరించి అడిగింది. నాకు టికెట్టు కొట్టాడు కండక్టరు, అమ్మాయికి సున్నా టికెట్టు ఇచ్చాడు. ఆడపిల్లలతో ప్రయాణం ఈ రోజుల్లో సగం ఖర్చే.

మా సంఘంలో బేస్ గిటారు వాయించేది మా అమ్మాయే. వారమంతా ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, ఆదివారం వేదిక మీద నిలబడుతుంది. బేస్ అంటే నాలుగు లావుపాటి తీగలు, అంతే. అది మోగుతున్నప్పుడు ఎవరూ పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాట కింద నేల లేనట్టుంటుంది. గర్వం పాపమని ఆదివారపు బడి పిల్లలకు ముప్పై ఏళ్లు నేర్పినవాణ్ణి నేను. అయినా ఆ పిల్ల కళ్లు మూసుకుని వాయిస్తుంటే పెద్దల వరసలో కూర్చున్న నా తల కొంచెం పైకే లేస్తుంది. దేవుడు చూస్తూనే ఉన్నాడు, ఆయనకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు.

సంఘం రేకుల షెడ్డులో ఉన్న కాలంలో కొన్న గిటారు ఈ మధ్య ఎండకు మెడ వంగి, ఏ తీగ నొక్కినా ఇంకో స్వరం పలకడం మొదలుపెట్టింది. బాగుచేసేవాడు చేతులెత్తేశాడు. నరసరావుపేట దుకాణంలో ఒకటుందని అమ్మాయి ఫోనులో ఫోటో చూపించింది. గోధుమ రంగు గిటారు. పైన చెయ్యి ఆనే చోట రంగు లేచిపోయి లోపలి కర్ర కనిపిస్తోంది. అంచులు అరిగి గుండ్రమయ్యాయి. ఇనుప భాగాలు మసకబారాయి. అది చూసి నా ఒళ్లు పులకరించింది. ఏ ఊళ్లోనో, ఏ మందిరంలోనో ఎన్ని వేల పాటలు మోసి ఉంటే ఇలా అరుగుతుంది!

అక్కడే తప్పు చేశాను. ఆ ఆదివారం అమ్మాయికి ల్యాబులో డ్యూటీ. నేను సంఘంలో లేచి సాక్ష్యం చెప్పాను: "ఏళ్ల తరబడి స్తుతి చేసిన ఒక పాత సేవకుణ్ణి ప్రభువు మన మధ్యకు పంపిస్తున్నాడు." హల్లెలూయా అని మందిరం మోగింది. ఇద్దరు ముగ్గురు పెద్దమ్మలు కళ్లు తుడుచుకున్నారు.

బస్సు దుర్గి దాటి కారెంపూడి చేరేసరికి ఏడున్నర దాటింది. రోడ్డుకు రెండువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతున్నాయి. కిటికీ మూసినా ఘాటు ఆగలేదు, బస్సంతా తుమ్ములే. కారెంపూడిలో ఎక్కిన ఒక రైతు నా పక్కన కూర్చున్నాడు. మందు కొట్టే పంపు బాగు చేయించడానికి పోతున్నాడట. ఖాళీ సంచి సంగతి అడిగాడు, చెప్పాను.

"పాతది కొంటున్నారా? అయితే ఒకటి ఇనుకోండి సారూ," అన్నాడు. "పాత బండి కొనేప్పుడు మీటరు చూడబాకండి. మీటరు తిప్పేస్తారు. బ్రేకు పెడలు మీద రబ్బరు చూడండి. అరుగుడు అబద్ధం చెప్పదు."

"చానా మంచి మాట," అన్నాను. మా అమ్మాయి కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. ఎందుకు నవ్విందో అప్పుడు తెలియలేదు.

ఎనిమిదీ యాభైకి నరసరావుపేటలో దిగాం. దుకాణం పదిన్నరకు గానీ తియ్యరు కాబట్టి బస్టాండు ఎదురు హోటల్లో ఇడ్లీ తిని, ఇంటి నుంచి తెచ్చిన పులిహోర మధ్యాహ్నానికి ఉంచుకున్నాం. అక్కడి నుంచి ఆటోలో పాత బజారుకు పది నిమిషాలు. మీలో ఎవరైనా వెళ్లదలిస్తే శుక్రవారం వద్దు, మధ్యాహ్నం నమాజుకు మూసేస్తారు.

దుకాణం మస్తాన్ భాయ్‌ది. అరవై దాటిన మనిషి. వాళ్ల నాన్న హార్మోనియంలు బాగుచేసేవాడట. ముందు గదిలో గిటార్లు, కీబోర్డులు, వెనక గదిలో డోళ్లకు తోలు బిగించే పని. గోడకున్న గిటారును దించి గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. ఫోటోలో కంటే బాగుంది. అరిగిన చోట చెయ్యి పెడితే గుర్రపు మెడ నిమిరినట్టుంది.

నేను ఆగలేకపోయాను. దాని మీద చెయ్యి ఉంచి పైకే ప్రార్థన చేశాను. "పరలోకపు తండ్రీ, ఇన్నేళ్లు దీన్ని మోసిన ఆ చేతుల కోసం నీకు స్తోత్రం. ఆ బిడ్డ ఎక్కడున్నా చల్లగా చూడు." మస్తాన్ భాయ్ నెత్తిన టోపీ సర్దుకుని, నేను ఆమెన్ అనే దాకా తల వంచుకుని నిలబడ్డాడు. ఆయన చేతిలో చెయ్యి వేసి అన్నాను: "ఖాయం భాయ్. ఇది మాది. మాట ఇచ్చాను." తర్వాత అడిగాను, "ఇంతకీ ఇది ఎవరిది? ఏ ఊరి వాళ్లు వాయించారు?"

ఆయన నా వైపు ఒకసారి, అమ్మాయి వైపు ఒకసారి చూశాడు.

"ఎవురూ వాయించలా సార్. పదిరోజుల కింద పెట్టెలో వచ్చింది. సీలు నేనే తెంపా."

"మరి ఈ అరుగుడు?"

"ఫ్యాక్టరీలోనే అరగదీసి పంపుతారు. రంగు గీకి, సాండ్‌పేపరు కొట్టి, ఇనుముకి మందు పూస్తారు. కొత్తదానికంటే దీనికే గిరాకీ."

అరిగిన చోటును మళ్లీ తడిమి చూశాను. "మరి నేను చేసిన ప్రార్థన?" అన్నాను.

"ఎవురో ఫ్యాక్టరీ పనోణ్ణి దీవించారు," అన్నాడు మస్తాన్ భాయ్. "పోనీండి సార్, ఆడికి మాత్రం దువా అక్కర్లేదా ఏంది?"

అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. "నీకు తెలుసనుకున్నా నాన్నా. ఫోటో చూపించినప్పుడు అంత మురిసిపోతే, ఈ రకం నచ్చిందనుకున్నా."

అప్పుడు చెప్పాను, ఆదివారం నేను ఏమని సాక్ష్యం ఇచ్చానో. ఆ పిల్ల నవ్వు ఆగిపోయింది.

మస్తాన్ భాయ్ మంచివాడు. "మాట ఇచ్చానని బాధపడబాకండి. అదే ధరలో తళతళలాడే కొత్తది ఉంది, మార్చుకోండి," అని నల్లటి గిటారు దించాడు. అద్దంలా మెరుస్తోంది. అందులో నా మొహం కనపడింది. నాకది నిజాయితీ గల వస్తువులా తోచింది. కొత్తది, కొత్తగానే ఉంది.

"రెండూ వాయించి చూడమ్మా," అన్నాను.

నల్లదానితో ఒక పాట వాయించింది, అరిగినదానితో అదే పాట. స్వరంలో నాకు పెద్ద తేడా తెలియలేదు. తేడా పిల్లలో ఉంది. నల్లదాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు భయంగా పట్టుకుంది, అంచు ఎక్కడ బల్లకు తగులుతుందోనని. రెండోదాన్ని భుజాన వేసుకోగానే మోచేయి వదులైంది, కళ్లు మూసుకుంది.

"ఏందమ్మా దీంట్లో అంత గొప్ప?"

"మెడ చూడు నాన్నా. నల్లదానికి వార్నిష్. మన ఎండాకాలంలో చెమటకి చెయ్యి అతుక్కుంటది, పాట మధ్యలో జారదు. దీనికి వెనకంతా రుద్దేశారు, చెయ్యి దానంతటదే పోతది. పైగా మొదటి గీత ఎప్పుడు పడుద్దో అన్న భయం లేదు. వస్తువును కాపాడుకుంటా ఆరాధన చెయ్యటం నా వల్ల కాదు."

మాటకు పడిపోయాను గానీ మనసు ఒప్పుకోలేదు. "ఇది గిబియోను వాళ్ల పని," అన్నాను. మస్తాన్ భాయ్‌కి ఆ బైబిలు కథ చెప్పాల్సి వచ్చింది. పక్క ఊళ్ల వాళ్లే, ఇశ్రాయేలు సేన చేతిలో చావు తప్పించుకోవాలని, దూరదేశం నుంచి వచ్చామని నమ్మించడానికి మాసికల చెప్పులు తొడిగారు, చిరుగుల తోలు తిత్తులు తగిలించుకున్నారు, బూజు పట్టిన రొట్టె మూటగట్టుకున్నారు. ఇశ్రాయేలు పెద్దలు రొట్టె చూశారే గానీ దేవుణ్ణి అడగలేదు. సంధి చేసి ప్రమాణం ఇచ్చేశారు. నేనూ అంతే. ఫోటో చూశానే గానీ కన్నకూతుర్ని అడగలేదు.

"కథ సగంలో ఆపావేంది నాన్నా?" అంది ప్రిస్కిల్లా. "గుట్టు తెలిసినాక పెద్దలు మాట తప్పారా? తప్పలా. చంపకుండా ఉంచి, బలిపీఠానికి నీళ్లు మొయ్యమన్నారు, కట్టెలు కొట్టమన్నారు. ఇదీ కట్టే గదా. మనమూ మొయ్యమందాం."

ముప్పై ఏళ్లు బోధించిన కథ. నేను మర్చిపోయిన సగాన్ని నా ఆదివారపు బడిలో నేర్చుకున్న పిల్ల నాకు ఒప్పజెప్పింది.

"బిడ్డ వకీలయ్యుంటే మా కేసులన్నీ గెలిచేటోళ్లం," అన్నాడు మస్తాన్ భాయ్. గిటారును సంచిలో పెట్టించాను.

పులిహోర ఆ దుకాణం వెనక గదిలోనే ముగ్గురం పంచుకుని తిన్నాం. ఒంటిగంటా నలభై ఐదుకు మాచర్ల బస్సు. కొన్నానన్న సంతోషం నకరికల్లు దాటే లోపే తగ్గింది. రేపు సంఘం ముందు నిలబడి, పాత సేవకుడు కాదు, పదిరోజుల పసివాడు అని చెప్పాలి. కళ్లు తుడుచుకున్న ఆ పెద్దమ్మలకు ఏమని చెప్పను? మా అమ్మాయి మొదటిసారి దాన్ని భుజాన వేసుకుని నిలబడితే, అందరూ పాట వినడం మానేసి నా పొరపాటునే చూస్తారేమో.

మూడున్నరకు దుర్గిలో దిగాం. కొత్త మందిరం గుమ్మానికి పెట్టే రాతిఫలకం అక్కడ చెక్కిస్తున్నాం, చూసి రమ్మని పాస్టరు గారు చెప్పారు. చెక్కేది వీరాచారి. నేను దుర్గి హైస్కూల్లో లెక్కలు చెప్పినప్పుడు నా దగ్గర చదివాడు, లెక్కలు మాత్రం రాలేదు. ఇప్పుడు ఆరుగురికి పని చూపిస్తున్నాడు. అక్షరాలు తీర్చిదిద్దినట్టున్నాయి, ఒక్క ఒత్తూ తప్పలేదు. నేను సంతోషంగా అన్నీ చూశాక వాడి కన్ను సంచి మీద పడింది. బయటికి తీసి జరిగింది చెప్పాను.

వాడు నవ్వలేదు. "మాకూ ఇదే పని వస్తది సార్," అన్నాడు. "హోటళ్లోళ్లు కొత్త బొమ్మ చెక్కించుకుని, వెయ్యేళ్ల నాటిదిలా చెయ్యమంటారు. ముక్కు కాస్త చిదిపి, మజ్జిగా పేడనీళ్లూ పూసి, నీడలో పెట్టి నాచు పట్టిస్తాం. డబ్బులు బాగానే ఇస్తారు. కానీ మనిషి అరగదీసిందీ, మనుషులు తాకితే అరిగిందీ వేరే సార్. తాకింది ఒక పక్కకే అరుగుద్ది."

గిటారును ఎండలోకి తిప్పి రాయిని చూసినట్టే చూశాడు. అరిగిన చోట బొటనవేలు పెట్టి రాశాడు. తర్వాత అమ్మాయికిచ్చి, "వాయించమ్మా, ఊరికే," అన్నాడు.

ప్రిస్కిల్లా బల్లరాయి మీద కూర్చుని మొదలుపెట్టింది. ఉలుల చప్పుడు ఒక్కొక్కటే ఆగింది. కరెంటు లేకుండా బేస్ వినపడీ వినపడనట్టు ఉంటుంది. అందుకని పనివాళ్లు దగ్గరికొచ్చి చుట్టూ కూర్చున్నారు.

"చూడండి సార్," అన్నాడు వీరాచారి మెల్లగా. "ఫ్యాక్టరీవోడు ఎవురో పొడుగాటి మగోణ్ణి లెక్కేసి పైన అరగదీశాడు. అమ్మాయి చెయ్యి ఆడ ఆనట్లా. రెండు అంగుళాలు కిందికి, రంగు మీద ఆనతంది. ఆడింకా రంగు చెక్కుచెదర్లా."

వంగి చూశాను. నిజమే. వాళ్లు అరగదీసిన చోటు ఖాళీగా ఉంది. నా కూతురి చెయ్యి దాని కింద, నిగనిగలాడే కొత్త రంగు మీద ఉంది.

"ఇంకో పదేళ్లకి ఆడ గూడా లేచిపోద్ది," అన్నాడు. "అప్పుడు ఎవురు చూసినా చెప్తారు, పైది డబ్బులిచ్చి కొన్నది, కిందది ఈమె సంపాదించుకుంది అని."

లెక్కల్లో వీరాచారికి ఎప్పుడూ ముప్పై దాటి మార్కులు వెయ్యలేదు నేను. ఆ సాయంత్రం నూటికి నూరు వేశాను, మనసులో.

ఐదూ పదికి మాచర్ల బస్సు దొరికింది. శనివారం కదా, కిటకిటలాడుతోంది. కండక్టరు దయతలచి ముందు సీటు ఇప్పించాడు. సంచి జిప్పు వెయ్యకుండా అమ్మాయి గిటారును ఒళ్లో నిలబెట్టుకుని మెడ నిమురుతూ కూర్చుంది. వెనక సీటులో కూరల గంప పెట్టుకున్న ముసలావిడ మెడ సాచి చూసి చూసి, ఉండబట్టలేకపోయింది.

"ఏమే పిల్లా, అంత అరిగిపోయినదాన్ని మోసుకుపోతన్నావేందే? మీ నాయన కొత్తది కొనియ్యలేకపోయాడా?"

బస్సులో నలుగురు నా వైపు తిరిగారు. పొద్దున అయితే నేను కిటికీ వైపు చూసేవాణ్ణి. రేపు మందిరంలో చెప్పాల్సిన మాట అప్పటికి నాకు దొరికింది. ఇక్కడే ఒకసారి చెప్పి చూసుకుందామని లేచి నిలబడ్డాను.

"ఇది కొత్తదే పెద్దమ్మా. ఇంకా ఎవరూ వాయించలా. దీన్ని పాతది చేసేది మా అమ్మాయి."

ఆవిడకు ఎంత అర్థమైందో తెలియదు. "అయితే గట్టిగా వాయించవే," అంది. బస్సంతా నవ్వింది. ఐదూ యాభైకి మాచర్లలో దిగాం. ఏడింటికి పాటల సాధన. ఇంటికి కూడా పోకుండా నేరుగా మందిరం వైపు నడిచాం. గిటారు బరువుగా ఉంది, నేను మోస్తానన్నా అమ్మాయి ఇవ్వలేదు.