కోలాఘాట్ మెట్ల మీద నీళ్లు

“ఇదిగో, మళ్లీ గంట నొక్కమంటన్నాడు సూడు! పాఠం ఇంకా మొదలెట్టనేలేదు, అప్పుడే గంటేటి? మా బళ్లో గంట కొడితే పిల్లలు పారిపోతారు. వీడు గంట కొట్టి పిలుస్తన్నాడు. సీ!”

ఎలీసమ్మ అక్క వీడియో ఆపి, ఫోన్ని బల్ల మీద బోర్లా పడేసింది. సుద్దముక్కల పెట్టె ఇద్దామని న్యూ సెటిల్‌మెంట్‌లో వాళ్ల క్వార్టర్‌కి వెళ్లాను. పూరీ గేట్ దగ్గర నాకో చిన్న పుస్తకాల కొట్టుంది. ఇచ్చేసి వచ్చేద్దామనుకున్నవాణ్ణి, ఆమె మాట మొదలుపెడితే కూర్చుండిపోయాను. ఎప్పుడూ అంతే.

అక్క వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి బెంగాల్‌లోని ఈ రైల్వే ఊరికి వచ్చి వర్క్‌షాపులో ఫిట్టరయ్యాడు. అక్క ఇక్కడి తెలుగు బళ్లోనే చదివి, ఆ బళ్లోనే భూగోళం చెబుతోంది. పరీక్ష బెంగాల్ వాళ్లది, పిల్లలు రాసేది తెలుగులో. పుస్తకం చాలక ఫోన్లో వెతికితే, దొరికే తెలుగు పాఠాలన్నీ ఆంధ్రా సిలబస్సువే. పెళ్లయ్యాక దుకాణాల బోర్డులు చదువుతూ నేర్చుకున్న బంగ్లా అక్షరాలే అక్కరకొచ్చాయి. బంగ్లా పుస్తకం ముందు పెట్టుకుని, తెలుగులో చెప్పుకుంటూ వస్తోంది.

ఇప్పుడు ఆటుపోట్ల పాఠం నడుస్తోంది.

“తెలుగులో బొమ్మలతో ఒకటి దొరికితే పిల్లలకి సూపిద్దామనుకున్నాను. ఎన్ని సూసినానో! ఒకడు సందురుడి ఎనకాల ఉరుములెట్టాడు. ఇంకొకడు ‘ఈ రహస్యం తెలిస్తే షాకవుతారు’ అంటాడు. ఏటి రహస్యం? సముద్రం పొంగడం రహస్యమా? ఒక దాంట్లో మనిషే లేడు, మిషను గొంతు. పొడుగు మాటొస్తే మజ్జిలో ఆగి ఊపిరి పీలుస్తాది, దానికి ఊపిరెందుకో!”

లోపలి గదిలోంచి బావ క్రిస్టోఫర్ గొంతు వినిపించింది. “నా ఫోను సంగతి కూడా సెప్పు.”

“టీచర్లకి ఉచితం అంటే ఒక పాఠాల యాప్ లోపలికెళ్దామని ఆయన నంబరిచ్చినాను తమ్ముడూ. ఆయ్యాల నుంచి ఒకటే ఫోన్లు.”

“మీ బాబు ఏ క్లాసండీ అని హిందీలో అడుగుతాడు,” బావ అందుకున్నాడు. “బాబుని నేనే, రైలు గార్డుగా రిటైరయినాను, చేర్చుకుంటావేటి అన్నాను. ఠీక్ హై అంకుల్, ఫీజు వాయిదాల్లో కట్టొచ్చు అన్నాడు, సిగ్గులేనోడు!”

నేను నవ్వాను. అక్క నవ్వలేదు.

“నవ్వులాట కాదు. వాటిల్లో మర్యాదగా కనబడిందని ఒకటి క్లాసు గ్రూపులో పెట్టినాను. సివరంటా సూడకుండా. సందురుడు నెత్తి మీదకొచ్చినప్పుడు రోజుకి ఒక్కసారే పోటు అని సెప్పీసినాడందులో. మర్నాడు కళ్యాణి లేచింది. సాలువా నుంచి సైకిల్ మీద వస్తాదే, ఆ గుంట. ‘కాదు టీచర్, రెండుసార్లు. కోలాఘాట్‌లో మా పిన్నింటి కాడ సముద్రం పోటు నదిలోకెక్కి వస్తాది, మెట్ల మీద సూసినాను’ అంది. క్లాసంతా గొల్లుమంది. ‘ఫోను కంటే నీకెక్కువ తెలుసేటే?’ అన్నారు. తిమోతిగాడైతే, రెండోసారి వచ్చేవి అక్కడి కరెంటు ప్లాంటోళ్లు వదిలిన నీళ్లన్నాడు.”

“కళ్యాణి చెప్పిందే నిజమని మీరు చెప్పలేదా అక్కా?”

“సెప్పినాను. ‘మరి మీరే కదా టీచర్ ఆ వీడియో పెట్టారు’ అన్నారు. ఆ గుంట కూర్చుంది. అంతే, మళ్లీ నోరిప్పలేదు. రోజూ సెయ్యెత్తి నన్ను సంపే పిల్ల! నిన్న నేనే అడిగితే ‘మీరు సెప్పిందే టీచర్’ అంది. ఆ సెత్త నా సేతుల్తోనే కదా దాని మీద పోసినాను.”

తెలియనిది అడగకుండా ఉండలేక అడిగాను. “చంద్రుడు ఒక్కడే కదా అక్కా, రెండుసార్లెందుకు?”

ఆమె మొహం కొంచెం విచ్చుకుంది. “ఆ గుంటా ఇదే అడగాలి నన్ను!” అంటూ బల్ల మీద స్టీలు గిన్నె బోర్లించింది. “ఇది భూమనుకో. దగ్గరున్న నీళ్లని సందురుడు గట్టిగా లాగుతాడు. మజ్జిలో భూమిని కాస్త తక్కువ. అవతలి నీళ్లని ఇంకా తక్కువ, అంచేత అవి ఎనకబడి అటు ఉబ్బుతాయి. భూమి తిరుగుతాది గదా, రెండు ఉబ్బులూ మనకి తగులుతాయి. ఒక ముసలి బెంగాలీ మేస్టారు వీడియోలో బంగ్లాలో సెప్పినాడు ఇది. నల్లబోర్డు, సుద్దముక్క, అంతే. పాటలేదు, గంటలేదు. నీళ్లు తాగినంత హాయిగా ఉంది. సూసినోళ్లు మాత్రం పిడికెడు మంది.”

“అదే చూపించండి మరి.”

“మా పిల్లలు బజార్లో బంగ్లా దంచుతారు గాని పాఠం బంగ్లా అంటే నిద్రపోతారు. అది నేను తెలుగులో సెప్పుకుంటాను. కానీ ఈళ్లు తెర మీద కనబడితేనే నమ్ముతున్నారు. అయితే తెర మీదే సూపిద్దాం.”

ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగింది.

“కళ్యాణి పిన్నితో మాట్లాడినాను. ఈ ఆదివారం తెల్లారి ఒకసారి, సందేళ ఒకసారి నీళ్లు నిండుతాయంట. నాకు సర్చీ ఉంది, నీకు కొట్టు మూతే గదా. బేగి లోకల్ రైలెక్కీయ్. ఆయమ్మ ఇంటి కాడ మెట్లు, ఒకే సోట నిలబడి వీడియో తీయ్. పొద్దున్న నిండినప్పుడొకటి, మజ్జిలో బురద తేలినప్పుడొకటి, సందేళ మళ్లీ నిండినప్పుడొకటి. ఆ మెట్లేవో కళ్యాణిని అడుగు, అదే సెప్పాలి. నేనడిగితే సెప్పదు, నువ్వడుగు. ఇంకో మాట తమ్ముడూ, ఎనకాల పాట మాత్రం ఎట్టకు.”