గుట్ట మీద కృపమణి బాట

కృపమణిని పొగడటానికే ఇది రాస్తున్నాను. ముందే చెబుతున్నా, పొగడ్తలు గిట్టని వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆమెకు నలభై ఎనిమిదేళ్లు. ఓర్వకల్లు దాటి లోపలికి పోతే రాళ్ల గుట్ట కింద ఒక చిన్న పల్లె, అందులో ఆమెకు ఎకరన్నర మెట్ట చేను, నాలుగు మేకలు, మాట్లాడని ఒక మొగుడు. ఇంట్లో మాటలన్నీ ఆమే మాట్లాడుతుంది కనుక ఆయనకు అవసరం పడలేదు. ఉపాధి హామీ పనుల్లో పదిహేనేళ్లుగా మేటు. అంటే ముప్పై మందికి పని చూపించి, కొలతలు వేయించి, దొంగపని చేసేవాళ్లను కేకలేసే మనిషి. వాన నీళ్లు జారిపోకుండా చుట్టుపక్కల గుట్టల మీద తవ్విన కందకాల్లో సగం ఆమె నిలబడి తవ్వించినవే. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. గుట్ట ఈ కొసన పిలిస్తే ఆ కొసన మేకలు తలెత్తుతాయి, అంత గొంతు.

నేను కర్నూలులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. షుగరొచ్చిందని డాక్టరు నడవమంటే, నడక విసుగని సైకిలు కొన్నాను. అట్లా ఎనిమిది మందిమి ఒక జట్టయ్యాం. ప్రతి ఆదివారం పొద్దున ఆ గుట్ట మీద తొక్కుతాం. జట్టుకు పెద్ద భూపేష్. వాళ్ల తాతలది సేద్యం, అతనిది ప్లాట్ల వ్యాపారం. అతని సైకిలు ధరకు ఒక జత మంచి ఎద్దులొస్తాయి. మనిషి చెడ్డవాడు కాదు గానీ, తాను మాట్లాడేటప్పుడు ఇంకొకరు మాట్లాడితే ఆశ్చర్యపోతాడు. నాకేమో నోరు ఊరుకోదు.

మొదట్లో మేకల దారుల్లోనే తొక్కేవాళ్లం. ఎవరో ఒకరు పడని వారం లేదు. పద్ధతిగా బాట వేయిద్దామని భూపేష్ పంచాయతీ వాళ్లతో మాట్లాడి ఒప్పించాడు. మగ కూలీలు వచ్చి గుట్టను చూశారు, ఎండను చూశారు, వెళ్లిపోయారు. మర్నాడు కృపమణి నలుగురు ఆడవాళ్లను వెంటేసుకుని గడ్డపారలతో వచ్చింది.

"యాడికి పోతాది సార్ ఈ బాట?" అని అడిగింది.

"యాడికీ పోదు. గుట్టంతా తిరిగి మళ్లా ఈడికే వస్తాది," అన్నాడు భూపేష్.

"అట్లయితే ఈడనే కూసోవచ్చు గదా సార్."

ఆడవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. భూపేష్ మాత్రం ఫోను చూసుకున్నాడు.

ఫిబ్రవరిలో మొదలుపెట్టి ఏప్రిల్ ఆఖరుకు ఆరు కిలోమీటర్ల బాట వేశారు. ఎంత చక్కటి పని అది! బాట పొడుగునా దిగువ అంచున జానెడెత్తు రాతి కట్ట కట్టారు. సిమెంటు లేదు, సున్నం లేదు, రాయికి రాయి అతికినట్టు కూర్చుంది. మేమంతా ఆ కట్ట పక్కన నిలబడి ఫోటోలు దిగాం. కట్ట అక్కడ ఎందుకని మాత్రం ఎవరం అడగలేదు. పిల్లలకు ఫిజిక్సు చెప్పే నేను కూడా అడగలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

జూన్‌లో ఒక్క వాన పడింది. పైనుంచి వచ్చిన నీళ్లన్నీ బాటలోకి దిగాయి. దిగువన కట్ట ఉంది కనుక బయటికి పోలేకపోయాయి. బాటే కాలవైంది. మూడో మలుపు దగ్గర కట్ట తెగి, మోకాలి లోతు గండి పడింది.

భూపేష్ మండిపడ్డాడు. "డిసెంబరులో పోటీ పెట్టుకున్నాం. బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి మనుషులొస్తారు. వాళ్లకు ఇదా చూపించేది? జేసీబీ పెట్టి పన్నెండడుగుల వెడల్పున లాగిస్తా. రెండు రోజుల్లో అయిపోతాది."

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకప్పా?" అన్నాను. పన్నెండడుగులు తవ్వితే అది సైకిలు బాట కాదు, లారీల రోడ్డు. గుట్ట మీది సీతాఫలం చెట్లు సగం లేచిపోతాయి. ఆ మాటా అన్నాను. ఎప్పటిలాగే భూపేష్ ఆశ్చర్యపోయాడు.

కృపమణి మా గొడవలోకి రాలేదు. గండి ఒడ్డున గొంతుక్కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత లేచి వచ్చింది.

"తప్పు నాదే సార్," అంది. "ఇన్నేండ్లూ నీళ్లని నిలబెట్టేదే సేసినా. సేనికి గట్టు ల్యాకుంటే నిద్ర పట్టదు మాకు. ఈడ గూడా కట్టేసినా. సేతులు ఊరుకోల్యా."

సీమలో పుట్టిన ఎవరైనా అదే చేస్తారు. ఏడాదంతా మొగులు చూసి చూసి, తీరా పడ్డ చుక్కను పొమ్మనడానికి ఎవరికి మనసొప్పుతుంది? భూపేష్ తాత బతికుంటే ఆయనా ఆ కట్టే కట్టించేవాడు.

"అయిందేదో అయింది, నువ్వు పనికి రావద్దులే," అన్నాడు భూపేష్.

"ఇంకొక పెద్ద వాన దాకా ఆగు సార్. దానికీ నిలబడకుంటే నీ మిషనీ తెచ్చుకో, నేను అడ్డం రాను. కృపమణి ఏసిన బాట ఒక వానకు పాయెనంట అని ఊర్లో అప్పుడే అనుకుంటాండారు. ఇట్ల ఇడిసిపెడితే ఆ మాట నేను సచ్చినా పోదు."

ఆమె గొంతు వణకడం నేను వినడం అదే మొదటిసారి. భూపేష్‌కూ వినబడిందనుకుంటాను. ఆగస్టు ఆఖరు దాకా గడువిచ్చాడు.

మర్నాడు కృపమణి నాకు ఫోను చేసి, నా సైకిలు కావాలంది. "నీళ్లు ఏం సేస్తాయో నాకు తెల్సు మేడం. చక్రం ఏం సేస్తాదో తెల్దు."

చిన్నప్పుడు వాళ్లన్న సైకిలు సందులో కాలు దూర్చి తొక్కిందట. నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఇదే. కుచ్చెళ్లు ఎగదోపి, నా హెల్మెట్ పెట్టుకుని, పైనుంచి తొక్కుకుంటూ వచ్చింది. మూడో మలుపు దగ్గర పడింది. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి మోచేయి గీరుకుపోయి ఉంది. ఆమె మాత్రం లేవకుండా కింద మట్టిని చూస్తోంది.

"దెబ్బ తగిలిందా?"

"అది సరే గాని, ఇది సూడు మేడం. ఈడికొచ్చే తలికి ఏగం ఎక్కువై బెదురు పుట్టె. బ్రేకు పట్టినా. టైరు మట్టిని సీరుకొని పాయె. మీరంతా ఈడనే పడతాండారు గదా, నీళ్లు ఆ సీరిన తావులోనే పారినాయి." మలుపు పైకి చెయ్యి చూపింది. "మలుపుకు ముందర నాలుగడుగుల పొడుగున మిట్ట సేస్తే? బండి దానంతటదే నిదానిస్తాది. పైనుంచొచ్చే నీళ్లు గూడా మిట్ట ఎక్కల్యాక పక్కకు దిగిపోతాయి."

ఒక్క మిట్టతో రెండు పనులు. ఎత్తు ఎక్కితే వేగం తగ్గుతుందని ఇరవై ఒక్క ఏళ్లుగా నేను బోర్డు మీద లెక్కలు వేసి చూపిస్తున్నాను. ఆ లెక్కను నేల మీద పెట్టాలని నాకెన్నడూ తట్టలేదు. ఆమె ఒకసారి పడి తెలుసుకుంది.

పని మళ్లీ మొదలైంది. కూలి గురించి నేను భూపేష్‌తో విడిగా పోట్లాడాను, ఇప్పించాను కూడా. కట్టలో మొదటి రాయి కృపమణే పెరికింది. ఆ నలుగురు ఆడవాళ్లలో చిన్నదైన విశ్వాసమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఎంత బాగ కట్టింటిమి అక్కా," అంది.

"బాగనే కట్టినాం. తప్పు తావులో కట్టినాం. పెరుకు," అంది కృపమణి.

బాటనంతా దిగువ వైపుకు కొంచెం వాటంగా వంచారు. ముప్పై అడుగులకొక చోట, మలుపుకు ముందొక చోట, చిన్న మిట్ట, దాని వెనక పల్లం. ప్రతి పల్లం దగ్గరా కృపమణి బాటిలుతో నీళ్లు పోసి చూసేది. నీళ్లు నిలబడితే మళ్లీ తవ్వు. ఎవరి మొహమాటమూ లేదు. ఇంతా చేసి, బయటికి పోయిన నీళ్లను ఊరికే పోనిచ్చిందా? ఆమె వల్ల అవుతుందా? బాటకు పదడుగుల దిగువన, సీతాఫలం చెట్ల ముందు, పెరికిన రాళ్లతోనే అర్ధచంద్రంలా చిన్న చిన్న కట్టలు కట్టింది. "బాట మింద నిలవొద్దు, అంతే. గుట్ట దిగి పోవాల్సిన పనేముండాది దానికి?" అంది.

ఇక వాన రావాలి. జూలై పోయింది. ఆగస్టు పోతోంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. అసలు నీరే రాకపోతే దేవుడు మాత్రం ఏం చెబుతాడు? నెలాఖరు వారంలో భూపేష్ జేసీబీ మనిషికి సోమవారం రమ్మని చెప్పేశాడు. శనివారం మధ్యాహ్నం మబ్బు పట్టి, రెండు గంటలు కుమ్మరించింది. వంకలు పారాయి.

ఆదివారం ఆరింటికల్లా ఎనిమిది మందిమీ గుట్ట కింద ఉన్నాం. బాట మొదట్లో అడ్డంగా ముళ్లకంప వేసి ఉంది. కంప వెనక కృపమణి నిలబడి ఉంది.

"ఎవరూ ఎక్కొద్దు సార్."

"చూడ్డానికే గదా వచ్చింది?" అన్నాడు భూపేష్.

"నేల తడి మింద ఉండాది. ఇప్పుడు తొక్కితే టైరు గాడి పడతాది. రేపటి వానకు ఆ గాడే కాలవైతాది."

"కృపమణీ, రేపు పొద్దున జేసీబీ వస్తాది. ఈ పొద్దు తొక్కి చూడకుండా నేను దాన్ని ఆపేది లేదు."

రెండు నెలల కష్టం, ఊళ్లో ఆమె పేరు, అన్నీ ఆ కంప మీద ఆగి ఉన్నాయి. "ఒక్కసారికి పోనీలే కృపమణీ," అన్నాను మెల్లగా.

"నువ్వు గూడానా మేడం," అని, భూపేష్ వైపు తిరిగింది. అంత పెద్ద గొంతునూ ఆ రోజు తగ్గించే మాట్లాడింది. "నడిసి సూడు సార్. అంచున రాళ్ల మింద నడువు. తొక్కేది మాత్రం కుదరదు. నువ్వు మిషనీ తెస్తే తెచ్చుకో. నా సేతులారా బాటని సెడగొట్టను."

అంత భయమూ, అంత గర్వమూ నాకు ఒక్కసారిగా ఎప్పుడూ కలగలేదు.

భూపేష్ సైకిలును బండకు ఆనించి, ఒక్కడే నడుచుకుంటూ పైకి పోయాడు. మేం కిందే కూర్చున్నాం. చర్చిలో పాట మొదలైంది, ఎవరో సన్నటి గొంతుతో ఎత్తుకున్నారు. కృపమణి అటు ఒకసారి చూసి మళ్లీ బాట వైపే తిరిగింది.

రెండు గంటలకు పైగా పట్టింది అతనికి. దిగి వచ్చేసరికి బూట్ల నిండా బురద. "మూడో మలుపు దగ్గర ఏమీ కాలేదు," అన్నాడు మాకు. "ప్రతి పల్లం దగ్గరా నీళ్లు పక్కకు దిగిన జాడ కనబడతాంది. కింద సీతాఫలం చెట్ల కాడ కుంటలన్నీ నిండినాయి." మా అందరి ముందరే ఫోను తీశాడు. "రేపు రావద్దప్పా. ఈడ నీకు పని లేదు," అని పెట్టేశాడు. తర్వాత కృపమణిని అడిగాడు. "ఎప్పుడు తొక్కొచ్చు?"

ఆమె వంగి బొటనవేలితో నేల నొక్కి చూసింది. "మంగళారం. ముందు నేను తొక్కి సూస్తా."

మంగళవారం కాలేజీకి సెలవు పెట్టి వెళ్లాను. ఎనిమిది మందిమీ కింద వరసగా నిలబడ్డాం. కృపమణి కంప తీసి పక్కన పడేసి, నా సైకిలెక్కి పైకి పోయింది. చాలాసేపు కనబడలేదు. తర్వాత మూడో మలుపు పైన చీర రంగు కనబడింది. మిట్ట ఎక్కింది, సైకిలు నిదానించింది, మలుపు తిరిగింది. బ్రేకు మీద వేలు కూడా పడలేదు. నేను అరవకుండా ఆగలేకపోయాను.

దిగి వచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని, సైకిలు నా చేతికిచ్చింది. "పోండి ఇంక. బాగుండాది."

భూపేష్ సైకిలెక్కబోతూ ఆగాడు. "డిసెంబరులో పోటీ రోజు వాన పడితే ఏం చేద్దాం?"

"పోటీ ఇంకొక దినం పెట్టుకోండి సార్," అంది కృపమణి.

"సరేమ్మా," అని అతను ముందు కదిలాడు.