ఖో ఇవ్వని రత్నం

2022. కరోనా సెలవుల తర్వాత బడులు మళ్ళీ గాడిన పడుతున్న రోజులు. ఉద్దానం తీరాన, మత్స్యకారుల ఊరి హైస్కూల్లో నేను పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచర్ని. టెక్కలి నుంచి రోజూ స్కూటీ మీద వెళ్ళేదాన్ని. మా గ్రౌండ్ అంతా ఇసుకే. అందులో పరుగెత్తలేక పిల్లలు ఆపసోపాలు పడేవారు. ఎనిమిదో తరగతి నూకరత్నం మాత్రం సిమెంటు రోడ్డు మీద పోయినట్టు పోయేది.

కాళ్ళే కాదు, బుర్రా అంతే. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసేది. "ఆ నోటికి తాళం వెయ్యండమ్మా" అని లెక్కల మేడం మొత్తుకునేవారు. నేనైతే ముచ్చటపడిపోయి, వెనకా ముందూ చూడకుండా దాన్ని ఖోఖో కెప్టెన్‌ని చేసేశాను. చురుకైన పిల్లకు పదవి ఇస్తే నాయకత్వం దానంతటదే వచ్చేస్తుందనుకున్నాను. నా తెలివి అలా ఏడిచింది.

ఖోఖోలో ఎనిమిది మంది వరసగా, ఒకరు అటు, ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో పిల్ల చేజర్, తరిమేది. ఎదుటి జట్టు పిల్ల రన్నర్, తప్పించుకునేది. రన్నర్ వరస మధ్యలోంచి అవతలికి దూరిపోవచ్చు. చేజర్‌కు ఆ వీలు లేదు, వెనక్కి తిరగడానికీ లేదు. అవతలి వైపు చూస్తూ కూర్చున్న పిల్ల వీపు తాకి "ఖో" అంటే, ఆ పిల్ల లేచి తరుముతుంది. ఆటంతా ఈ ఇవ్వడంలోనే ఉంది.

మా రత్నం ఇచ్చేది కాదు. వరస చివర పాతిన పోల్ దాకా పరుగెత్తి, దాన్ని చుట్టుకుని తనే మళ్ళీ తరిమేది. తప్పనిసరై ఇస్తే వీపు మీద ఒక్క చరుపు చరిచి "నెగవే మొద్దూ!" అని, లేవమని అరిచేది. రెండు వారాలు తిరక్కుండానే ఆడపిల్లలంతా నా దగ్గరకొచ్చారు. వాళ్ళలో మెతకది పార్వతి. ఆ పిల్లే ముందు నోరు విప్పింది.

"రత్నం ఉంటే మాం ఆడం మేడం. మా ఈపులు వాసిపోతన్నాయి."

శనివారానికి మండలం పోటీలకు పేర్లు పంపాలి. ఒక్క పిల్ల కోసం టీమంతా పోగొట్టుకుంటామా అన్నారు హెడ్మాస్టర్. రత్నాన్ని తీసేశాను. మర్నాడు అది బడికి రాలేదు. ఆ మర్నాడు, చేపల తట్ట గేటు దగ్గర దించి, వాళ్ళమ్మ వచ్చింది.

"మేడం గారూ, ఆటుందనే మా గుంట బడికొత్తన్నాది. ఇప్పుడు నాతో పలాస బజారుకి సేపలమ్మడానికి వచ్చేత్తానంతంది. దాని బాబు సరే అనేసినాడు. ఒక్కపాలి మీరు సెప్పండమ్మా."

అంత బుర్ర ఉన్న పిల్ల బడి మానేస్తే, ఆ పాపం నాదే.

మర్నాడు దాన్ని రప్పించి, మిగతావాళ్ళు గ్రౌండ్‌లో ఆడుతుంటే బడి మెట్ల మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. "ఆడొద్దు. చూడు. ఎవరికి ఎప్పుడు ఖో ఇవ్వాలో నాకు చెప్పు" అన్నాను. పది నిమిషాలు మూతి ముడుచుకుని కూర్చుంది. తర్వాత ఇక ఆగలేదు.

"మేడం, పార్వతి పరిగెట్టనేదు గానీ, కూకున్న కాడి నించి సటుక్కున నెగుత్తాది. రన్నరు బాగా దగ్గిరికొచ్చినాకే దానికి ఖో ఇయ్యాల. సుజాతకి ఎడమ పక్క తిరగడం బాగా వచ్చు. దాన్ని మీరు పోల్ కాడ కూకోబెట్టినారు. తప్పు మేడం."

ఓరి నాయనో! జట్టులో ఒక్కొక్కరి గుట్టూ దాని నాలుక మీద ఉంది. పదిహేనేళ్ళ సర్వీసులో నాకే తట్టని సంగతులవి.

"ఇదంతా వాళ్ళకెప్పుడైనా చెప్పావటే?"

తల దించుకుంది. "నేదు మేడం. తప్పు సేసినప్పుడే అరిసీదాన్ని."

"అయితే వెళ్ళి చెప్పు."

వెళ్ళింది. పార్వతి ముందు నిలబడి కాలితో ఇసుక గీస్తూ, "నీలాగ సటుక్కున నెగడం నాకు రాదే" అంది.

"ఏటే, ఎక్కిరింతా?"

"గంగమ్మ తోడు. నిజిమే."

పార్వతి మిగతా పిల్లలను దగ్గరికి పిలిచింది. వీపు మీద గట్టిగా కొట్టకూడదన్న షరతుతో దాన్ని మళ్ళీ ఆడించడానికి అందరూ ఒప్పుకున్నారు. శనివారం పంపిన కాగితంలో కెప్టెన్‌గా పార్వతి పేరు రాశాను. ఆ రోజు నుంచి రత్నం ప్రాక్టీసుకు అందరికంటే ముందు వచ్చి, ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, వాళ్ళకు ఏది బాగా వచ్చో చెప్పేది. అందరూ దాని మాట వినడం మొదలుపెట్టారు.

పోటీలు పలాసలో జరిగాయి. ఫైనల్లో అర నిమిషం మిగిలింది, గెలవాలంటే ఒక్క పాయింటు కావాలి, అంటే ఒక్క రన్నర్‌ని ముట్టుకోవాలి. ముందు రన్నర్ పరుగెడుతోంది, వెనకాల రత్నం, మధ్య రెండు మూరల దూరం. ఇంకో నాలుగడుగులు వేస్తే అందుతుంది. నాకు ఒళ్ళు తెలియలేదు.

"ఖో ఇవ్వకే! పరుగెత్తు!" అని గొంతు చించుకున్నాను.

రత్నం ఆగింది. పార్వతి వీపు మీద మెత్తగా చెయ్యి వేసి "ఖో" అంది. సరిగ్గా అప్పుడే రన్నర్ వరస దాటి అవతలికి దూరింది. పార్వతి లేవడం, ముట్టుకోవడం ఒక్కసారే అయిపోయాయి.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కేరింతలు కొడుతున్నారు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. రత్నం రొప్పుతూ నా దగ్గరికొచ్చింది. మెచ్చుకుందామని నోరు తెరిచాను.

"మీరేటి మేడం, అలగ అరిసేసినారు? పార్వతికి గాబరా వచ్చీదంటే?"

"సారీనే తల్లీ" అన్నాను.

"నాకెందుకు మేడం? పార్వతికి సెప్పండి."

నాయకత్వం గురించి శిక్షణ తరగతుల్లో చాలానే రాసుకున్నాను. చురుకైన పిల్లల నోరు మూయించకూడదని, వాళ్ళు చూసింది ఏమిటో అడగాలని మాత్రం రత్నం దగ్గరే నేర్చుకున్నాను. పదమూడేళ్ళ పిల్ల చెప్పింది కదా, గ్రౌండ్ దాటి వెళ్ళి పార్వతికి సారీ చెప్పాను.