ఫ్లెమింగ్ వాళ్ళ సంబంధం

"నలుగురిలో నా పరువు తీశావమ్మా."

"పరువు సంగతి తర్వాత. అన్నాచెల్లెళ్ళు కాపురం చేస్తున్న ఇంటికి నిన్ను కోడలిగా పంపమంటావా?"

"వాళ్ళు అన్నాచెల్లెళ్ళు కాదు. హౌ మెనీ టైమ్స్ చెప్పాలి నీకు?"

"ఇద్దరిదీ పుట్టుకతో ఒకటే ఇంటిపేరని ఆవిడే తన నోటితో చెప్పింది. నేను కల్పించానా?"

"పాస్టర్‌గారు అడిగేది ఊరికే ఫార్మాలిటీకి. నిజంగా ఎవరైనా లేచి నిలబడతారా?"

"జవాబు చెప్పకూడని ప్రశ్న అడగడం దేనికి?"

"అన్నయ్యా, కారాపు. నేను బస్సులో పోతా."

"ఇవాళ ఆదివారం. ఈ పూట బస్సుల్లేవు. నోరు మూసుకుని కూర్చో."

ఎనభైలు అయిపోయి తొంభైలు వచ్చిన కొత్తల్లో, బ్రిస్బేన్‌లో, సన్నీబ్యాంక్ దారిలో మా పెద్దవాడి కారులో జరిగిన గొడవ ఇది. కారు వెనక సీట్లో నేనూ మా చిన్నమ్మాయీ చెరో కిటికీకి అతుక్కుని కూర్చున్నాం. మా వెనకే ఇంకో కారులో, ఏ గొడవకి తాము కారణమో తెలియకుండా, పెళ్ళికొడుకూ అతని తల్లిదండ్రులూ మా ఇంటికి భోజనానికి వస్తున్నారు.

మొన్న మా మునిమనవరాలు బడిలో ఇచ్చిన పని అంటూ ఫోను పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. ఇంటిపేరు కొడితే ఆ పేరున్నవాళ్ళు లోకంలో ఎక్కడెక్కడ ఉన్నారో రంగులు వేసి చూపించే పటం అది. మా ఇంటిపేరు కొట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల దగ్గర చిక్కటి రంగు, హైదరాబాదులో కొంచెం, అమెరికాలో కొంచెం, మా మెల్బోర్న్, బ్రిస్బేన్‌ల దగ్గర రెండు చుక్కలు. "తాతమ్మా, ఆర్ దే ఆల్ అవర్ రెలెటివ్స్?" అని అడిగింది. ఫ్లెమింగ్ అని కొట్టమన్నాను. పటం నిండా రంగు పరుచుకుంది. ఆ పిల్లకి కారణం చెప్పలేదు గాని, నా వయసు వాళ్ళకైతే అర్థమవుతుందని ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. మా ఆయన పోయాక పెద్దవాడు నన్ను ఇక్కడికి, ఆస్ట్రేలియాకి, తెచ్చుకున్నాడు. అతని పిల్లల్ని చూసుకుంటూ, ఐస్‌క్రీం డబ్బాలు కడిగి పప్పులు పోసుకుంటూ, వాళ్ళు పారేయబోయిన రొట్టెల్ని ఎండబెట్టి పొడి చేసి దాచుకుంటూ కాలం గడిపేదాన్ని. చిన్నమ్మాయి ఆసుపత్రిలో నర్సు. ఫ్లెమింగ్ వాళ్ళ అబ్బాయి అదే ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలో పని. తెల్లవాడని మొదట్లో నాకు మనసొప్పని మాట నిజమే. అయితే ప్రార్థన తెలిసిన కుటుంబం, తాగుడు లేదు, కాళ్ళకి చెప్పులు విప్పి లోపలికి రావడం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాడు. సరేనన్నాను.

ఆ తర్వాతనే వాళ్ళ ఊరు చూద్దామని వెళ్ళాం. డార్లింగ్ డౌన్స్ అనే చోట ఆవుల దొడ్డి, రేకుల ఇల్లు, కళ్ళు చాలనంత మైదానం. అతని తల్లి అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెబిళ్ళల మీద మీగడ వేసి పెట్టింది. గోడ మీద వాళ్ళ పెళ్ళి ఫోటో చూస్తూ నిలబడితే, ఆవిడ నవ్వుతూ, పెళ్ళప్పుడు తనకి పేరు మార్చుకునే శ్రమ కూడా తప్పిందనీ, పుట్టింటి పేరూ ఫ్లెమింగే, అత్తింటి పేరూ ఫ్లెమింగే అనీ చెప్పింది. మా అమ్మాయి కూడా నవ్వుతూనే నాకు తెలుగులో చెప్పింది. చేతిలో పళ్ళెం బల్ల మీద పెట్టి, తల నొప్పిగా ఉందని వచ్చి కారులో కూర్చున్నాను.

మా రోజుల్లో సంబంధం మాట ఎత్తగానే మొదట అడిగేది ఇంటిపేరు. ఆస్తి, చదువు, చామనచాయా ఎరుపా అన్నవి తర్వాత. ఒకే ఇంటిపేరైతే అక్కడికక్కడే మంచినీళ్ళిచ్చి పంపేసేవాళ్ళు. మా తాత బాప్తిస్మం తీసుకున్నప్పుడు పేరు మారింది, పండగలు మారాయి, ఇంటిపేరు మారలేదు, దానికున్న కట్టూ మారలేదు. మా పేటలో ఒకే ఇంటిపేరున్న కుర్రాడికి ఆడపిల్ల చూడకుండానే అన్నయ్య అని వరస కలిపేది. అలాంటిది, ఒకే ఇంటిపేరుతో పుట్టిన ఆడా మగా పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ఆ సంగతి నవ్వుతూ చెప్పుకోవడమా? ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. మా కోడలితో చెబితే, ఇక్కడ అలాంటివి పట్టించుకోరు అత్తయ్యా అని గిన్నెలు సర్దుకుంది. కూతురికి చెబుదామంటే ఆ వారం దానికి రాత్రి డ్యూటీలు.

ఆదివారం మధ్యాహ్నం మా తెలుగువాళ్ళ ఆరాధన ఒక అద్దె హాలులో జరిగేది. వారమంతా గిడ్డంగిలో పని చేసుకునే పాస్టరుగారు ఊళ్ళో పద్ధతులు ఒక్కటీ వదిలేవారు కాదు. పెండ్లి ప్రకటన మూడు ఆదివారాలు చదవాల్సిందే. నా కోసమని మా అమ్మాయి ఆ ప్రకటన తెలుగులో చదివించుకుంది. అబ్బాయీ అతని తల్లిదండ్రులూ శుభ్రంగా తయారై వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పాస్టరుగారు ఇద్దరి పేర్లూ ఇంటిపేర్లతో సహా చదివి, ఈ వివాహమునకు ఎవరికైనా అభ్యంతరమున్నయెడల ఇప్పుడే తెలియజేయవలెను అన్నారు. చిన్నప్పటినుంచీ ఎన్ని పెళ్ళిళ్ళకి విన్నానో ఆ మాట. ఎవరూ ఎన్నడూ లేచింది లేదు. నేను లేచాను.

నాకు అభ్యంతరముందయ్యగారూ, పిల్లవాడి తల్లీ తండ్రీ ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాను. హార్మోనియం దగ్గర కూర్చున్న ఆవిడ చెయ్యి మెట్ల మీద పడి ఒక్క స్వరం బుయ్యిమని మోగి ఆగింది. తెలుగు రాని అబ్బాయి తల్లి మాత్రం, నేనేదో దీవిస్తున్నాననుకుని, నాకేసి చూసి ఎంతో ప్రేమగా తల ఊపింది. పాస్టరుగారు చెమట తుడుచుకుని, అభ్యంతరం తీరేవరకు రెండో ప్రకటన చదవనని చెప్పి పాట అందుకున్నారు. నేను లేచినందుకు ఈనాటికీ సిగ్గుపడను. అడిగారు, చెప్పాను.

ఇల్లు చేరేసరికి మా అమ్మాయి తేల్చి చెప్పేసింది. "నువ్వు ఒప్పుకుంటే చర్చిలో చేసుకుంటా. లేదంటే వెళ్ళి రిజిస్టర్ ఆఫీసులో సైన్ చేస్తా. అప్పుడిక నేను ఈ గుమ్మం ఎక్కను, నువ్వు నా గుమ్మం ఎక్కద్దు." అది మాట జారే పిల్ల కాదు. తండ్రి పోలిక. వాళ్ళ నాన్న పోయాక నాకు మిగిలిన ఆడపిల్ల అదొక్కతే. పళ్ళెంలో కందిపప్పు పోసుకుని వంటింటి బల్ల దగ్గర రాళ్ళు ఏరడానికి కూర్చున్నాను.

బయట వరండాలో ఆ అబ్బాయి తల్లిదండ్రులకి సంగతి చెప్పినట్టున్నాడు. తర్వాత అబ్బాయి తండ్రి టోపీ చేత్తో పట్టుకుని లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని నాకెదురుగా కూర్చున్నాడు. కోపం లేదు, నవ్వూ లేదు. ఆవుకి జ్వరమొస్తే పక్కన కూర్చునేవాడి నిదానం ఆయనది. నా పళ్ళెంలోంచి గుప్పెడు పప్పు తీసుకోవచ్చా అని సైగ చేశాడు. పెద్దవాడు పక్కన నిలబడి ఆయన మాటల్ని తెలుగులో చెప్పాడు.

బల్ల మీది రబ్బరు గుడ్డ సముద్రం అనుకోమన్నాడు. ఉప్పు డబ్బా ఒక దేశం, ఫ్లాండర్స్ అట, ఇప్పటి బెల్జియం వైపు. వందల ఏళ్ళ కిందట అక్కడినుంచి నేతపనివాళ్ళు, సిపాయిలు బతుకు వెతుక్కుంటూ ఇంగ్లండుకీ స్కాట్లండుకీ ఐర్లండుకీ వెళ్ళారట. వాళ్ళు ఎక్కడ దిగితే అక్కడివాళ్ళు, వీడు ఫ్లాండర్స్ మనిషి అనే అర్థంలో ఫ్లెమింగ్ అన్నారట. ఒకరికొకరు ఏమీ కాని వాళ్ళు, వేరు వేరు ఓడల్లో, వేరు వేరు కాలాల్లో దిగినవాళ్ళు అందరికీ అదే పేరు అంటుకుంది. పప్పుబద్దలు ఇక్కడ నాలుగు, అక్కడ నాలుగు పెడుతూ పోయాడు. తన తాతలు స్కాట్లండు గుంపులోంచి, భార్య తాతలు ఐర్లండు గుంపులోంచి ఈ దేశం ఓడ ఎక్కారు. ఇక్కడ సిడ్నీ దగ్గర ఒక కుప్ప, మెల్బోర్న్ దగ్గర ఒక కుప్ప, పెర్త్‌లో కొన్ని, వాళ్ళ డార్లింగ్ డౌన్స్‌లో కొన్ని. న్యూజిలాండు అని బల్ల అంచున పెట్టిన బద్ద కింద పడింది. వంగి తీసి నేను పళ్ళెంలో వేసుకున్నాను.

"మరి ఉప్పు డబ్బా దగ్గర ఒక్క బద్దా పెట్టలేదేమని అడుగు" అన్నాను పెద్దవాడితో.

ఆయన మొదటిసారి నవ్వాడు. "అక్కడ ఈ పేరు దాదాపు ఎవరికీ ఉండదు. ఇంట్లో ఉన్నవాణ్ణి ఊరి పేరు పెట్టి ఎవరు పిలుస్తారు?"

మా అత్తింటి పేరు కూడా ఒక ఊరి పేరే. ఏ ఊరో రాయను, ఆ వైపు వాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఊళ్ళో ఆ ఇంటిపేరు గల గడప ఒక్కటీ లేదని మా మామగారు చెబుతుంటే ఎన్నోసార్లు విన్నాను.

అంతలో అబ్బాయి తల్లి వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. మొహం కందిపోయి ఉంది. మీ వైపు పెళ్ళిళ్ళు ఎలా చేస్తారో తెలుసుకోవచ్చా అని నెమ్మదిగా అడిగింది. మా అమ్మాయి ఆ అవకాశం కోసమే చూస్తున్నట్టు, "మా అమ్మ మ్యారీడ్ హర్ అంకుల్స్ సన్" అనేసింది.

"సొంత మేనమామ కొడుకు" అని నేను కూడా గర్వంగానే అన్నాను. "వేరే ఇంటిపేరు."

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఫస్ట్ కజిన్?" అని మొగుడి వైపు చూసింది. "ఓ, డియర్ మీ." అని కూర్చుండిపోయింది. నేను ఆ వారమంతా వాళ్ళింటి గురించి ఎంత హడలిపోయానో, ఆవిడ నా గురించి ఒక్క క్షణంలో అంత హడలిపోయింది. పెద్దవాడు నుదురు రుద్దుకుంటూ, "అమ్మా, ఆ సంగతి ఇప్పుడు చెప్పాల్సింది కాదు" అన్నాడు.

"తప్పేముందిరా? నేనేమన్నా దొంగతనంగా చేసుకున్నానా?"

అప్పుడు మా చిన్నమ్మాయి నా పక్కనొచ్చి కూర్చుంది. దాని గొంతులో కారులో ఉన్న కోపం లేదు. "అమ్మా, మన ఊళ్ళో పెద్దింటివాళ్ళ ఇంటిపేరేంటి?"

నేను పప్పు ఏరుకుంటూ ఉండిపోయాను.

"చెప్పమ్మా."

"మనదే."

"మరి వాళ్ళు నాన్నకి అన్నదమ్ములేనా? ఒక్కసారన్నా నాన్నని గుమ్మం లోపలికి రమ్మన్నారా?"

అంతకాలం మా ఊళ్ళో బతికి, ఆ మాట నాకెన్నడూ తట్టలేదు. భూములున్న పెద్దింటివాళ్ళకీ, వాళ్ళ చేలో పని చేసిన మాకూ ఇంటిపేరొకటే. ఆ పేరున్న ఒకే ఊరినుంచి వాళ్ళు బండ్లెక్కి వచ్చుంటారు, మా వాళ్ళు ఆ బండ్ల వెనక నడిచొచ్చి ఉంటారు. ఒకసారి ఓట్ల రోజున, పొరుగూరి మాస్టరు ఒకడు వరసగా పేర్లు పిలుస్తూ, పెద్దింటాయన్నీ మా ఆయన్నీ చూసి, మీరిద్దరూ అన్నదమ్ములా అని అడిగాడు. వరసలో నిలబడ్డ అందరూ పగలబడి నవ్వారు. పెద్దింటాయన నవ్వలేదు. మా ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎందుకొచ్చిందో బ్రిస్బేన్‌లో, పప్పు పళ్ళెం ముందర, ఒక తెల్లాయన ఎదుట కూర్చుని ఉండగా తెలిసింది. చేతిలో రాయేదో పప్పేదో కనబడలేదు.

ఆ పూట ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. పప్పుచారు చేశాను. కారం తగ్గించాను. రాత్రి దారిలో కంగారూలు అడ్డం వస్తాయని వాళ్ళు మా ఇంట్లోనే పడుకున్నారు.

ఇప్పుడు ఎవరూ ఇంటిపేరు అడగరు. మా మనవళ్ళ పెళ్ళిళ్ళలో శుభలేఖ అందేవరకు అవతలివాళ్ళ ఇంటిపేరు నాకు తెలియదు, తెలిసినా ఏం చేసుకోవాలో తెలియదు. పెండ్లి ప్రకటన చదివే పాస్టరుగారూ లేరు, ఆగి వినే జనమూ లేరు. అడిగి అడిగి మనుషుల్ని దగ్గరికి తీసుకున్నామనుకున్నాం గాని, ఎంతమందిని బయటే నిలబెట్టామో లెక్క లేదు. అయినా, నీది ఏ ఊరు, మీరెవరి తాలూకు అని ఓపిగ్గా అడిగే మనిషి ఒక్కరూ లేని ఇళ్ళల్లో నాకు ఏదో వెలితిగానే ఉంటుంది. పటం మీద రంగులు చాలానే కనబడ్డాయి. ఆ రంగుల్లో ఎవరు ఎవర్ని ఇంట్లోకి రానిచ్చారో అది చూపించలేదు.

మర్నాడు పొద్దున పెద్దవాడు పాస్టరుగారికి ఫోన్ కలిపి నా చేతికిచ్చాడు. నాకు అభ్యంతరం లేదని, వచ్చే ఆదివారం రెండో ప్రకటన చదవమని చెప్పాను. చిన్నమ్మాయి యూనిఫాం వేసుకుని, డ్యూటీకి బయల్దేరబోతూ తలుపు దగ్గర ఆగింది. అబ్బాయి తల్లి ఆ పక్కనే కుర్చీలో బిగుసుకుని కూర్చుని ఉంది. నేను గ్లాసులో కాఫీ పోసి ఆవిడ చేతికిచ్చి, "తీసుకోండి వదినగారూ" అన్నాను. ఆ పిలుపు ఆవిడకి అర్థం కాలేదు. మా అమ్మాయికి అర్థమైంది. చెప్పులు విప్పి మళ్ళీ లోపలికొచ్చి, తనకీ ఒక గ్లాసు కాఫీ పొయ్యమంది.