అడ్డగీతలు

విశ్వేశ్వర్ అంటే నాకు మొదటినుంచీ గిట్టదు. సిద్దిపేటలో అతని లేత్ షాపు, నా మోటార్ వైండింగ్ షాపు పక్కపక్కనే. ఆ లేత్ మీద ఇరవై రెండేళ్లు పనిచేసినవాడు భిక్షపతి. చేయి తిరిగిన మనిషి, నోరు మాత్రం లేదు.

ఒక పరిశోధనశాల వాళ్లు ఆరు స్టీలు మూతలు కావాలని, ముందు ఒకటి చేసి పంపమన్నారు. వాళ్లు కొత్తగా తయారుచేస్తున్న యంత్రంలో వేగంగా దూసుకొచ్చే కణాలు ఒక దిమ్మను కొడితే రేడియోధార్మిక అయాన్లు పుడతాయట. అవి మాయమయ్యేలోపే లాగి పుంజంగా పంపాలట. యంత్రంలో ఇదంతా జరిగే గదిలోకి పిసరంత గాలి దూరకూడదు. అందుకే మూత మీద రబ్బరు రింగు కూర్చునే అంచులో గీతలన్నీ గుండ్రంగానే ఉండాలన్నారు. అడ్డంగా ఒక్కటి పడినా గాలికి దారి ఇచ్చినట్టే. భిక్షపతి రెండు రోజులు కూర్చుని అచ్చం అలాగే తీశాడు.

మన దగ్గర పనంటే మెరవాలి. బోరు మోటారు షాఫ్టయినా సరే, తళతళలాడకపోతే గిరాకీకి వచ్చినవాడు మొహం చిట్లిస్తాడు. భిక్షపతి అన్నానికి పోగానే విశ్వేశ్వర్ గరుకైన ఎమ్రీ పేపర్‌తో ఆ అంచును అడ్డంగా రుద్ది, మెరిపించి పంపేశాడు. నేను కళ్లారా చూశాను. అది తప్పని నాకప్పుడు తెలియదు.

మూత లీకయింది. ల్యాబు ఇంజినీరు సాత్విక దాన్ని పట్టుకుని వస్తోందని తెలియగానే విశ్వేశ్వర్ భిక్షపతి మీద పడ్డాడు.

"తప్పు నాదేనని ఒప్పుకో. లేకుంటే గీడ నీకు పని లేదు."

భిక్షపతి లేత్ మీది ఇనుప రజను తుడవసాగాడు.

సాత్విక వచ్చి భూతద్దం కింద అంచు చూపించింది. "ఇవన్నీ అడ్డగీతలు. ఎవరు రుద్దారు?"

"గీయననే మేడం. ముసలోడైండు, కండ్లు కనిపిస్తలేవు," అన్నాడు విశ్వేశ్వర్.

మా షాపు గుమ్మంలోంచి వింటున్న నాకు ఒళ్లు మండింది. భిక్షపతి మాత్రం లేత్‌కు ఒక స్టీలు ముక్క బిగించి, ఆమె ముందే అంచు తీసి, భూతద్దం కింద పెట్టాడు. గీతలన్నీ గుండ్రంగానే ఉన్నాయి.

"గిది నా పని మేడం. గా అడ్డగీతలు నాయి కావు."

ఇక ఆగలేక లోపలికి పోయాను. "నేను చూసిన మేడం. సేటే రుద్దిండు."

విశ్వేశ్వర్ నన్ను నమిలి మింగేలా చూశాడు. సాత్విక మూత సంచిలో వేసుకుంది. "మిగతా ఐదూ ఈయనే చేయాలి. లేకపోతే ఆర్డర్ లేదు."

"మా భిక్షపతన్న గాక ఎవలు చేస్తరు మేడం?" విశ్వేశ్వర్ గొంతులో తేనె కారింది.

భిక్షపతి మెషిన్ ఆపి చెప్పులేసుకున్నాడు. "మీ పని చేసిపెడ్త మేడం. గీయన షాపుల మాత్రం చెయ్య."

ఆమె అతని వెంటే బయటికి నడిచింది. విశ్వేశ్వర్ లేత్ ముందు ఒక్కడే నిలబడ్డాడు. అంత పెద్ద షాపుకు సేటు, అతనికి లేత్ నడపడం రాదు.