సొట్ట క్యాప్సూళ్లు, జొన్న అంబలి

మా పడుచుతనంలో ఆరోగ్యమంటే ఒంట్లో ఒక్క క్రిమి కూడా బతికి ఉండకపోవడం. ఇప్పుడు డాక్టర్లు పేగుల్లో కోట్ల జీవులు కాపురముంటాయని, అవి బాగుంటేనే అరుగుదల, నిద్ర, హుషారు బాగుంటాయని చెబుతుంటే నేను పెద్దమనిషిలా తల ఊపుతాను. ఆ సంగతి లోకం కంటే ముందు కనిపెట్టింది నేనే మరి. (కనిపెట్టలేదు, దొరికిపోయాను.)

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. పటాన్‌చెరు దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో యాంటీబయాటిక్ క్యాప్సూళ్ల ప్యాకింగ్ పని. ఇంకో నెలలో పర్మనెంట్ కాగితం రావాలి, మా నాయన భానూరులో అప్పటికే ఊరందరికీ చెప్పేశాడు. సొట్టపడిన క్యాప్సూళ్లను ఏరి డబ్బాలో వేయడం నా వంతు. జబ్బుపడ్డవాణ్ణే లేపి నిలబెట్టే మందు, జబ్బు లేనివాణ్ణి పహిల్వాన్‌ను చేయదా అనుకుని రోజుకు ఇరవై మింగాను. (సరే, రెండు. పది రోజులు. అదీ దొంగతనమే.)

పదకొండో రోజు కడుపు తిరగబడింది. ప్యాకింగ్ గదిలోంచి బయటికి పోవాలంటే టోపీ, మాస్కు, గౌను, బూట్ల తొడుగులు అన్నీ విప్పి రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి, తిరిగొచ్చాక అన్నీ తొడుక్కుని మళ్లీ సంతకం. ఆ రోజు ముప్పైసార్లు పరుగెత్తాను. (తొమ్మిది. రిజిస్టర్ అబద్ధమాడదు.) సరిగ్గా ఆ నెలలోనే ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టాలని గుసగుసలు మొదలయ్యాయి. నా రాకపోకలు చూసి పక్క లైనులో పనిచేసే పొడుగన్న చెవిలో అడిగాడు: "తమ్మీ, బయట ఎవలెవల్ని కలుస్తున్నవ్ రా? నా పేరు గూడ రాసుకో!" నాయకుడిలా చిరునవ్వు నవ్వబోయాను గానీ, సగం నవ్వులోనే పరుగు తీయాల్సొచ్చింది.

ఇంట్లో అమ్మ పట్టుకుంది. "ఏందిరా, కొలువు జేస్తున్నవా, చెంబు వట్టుకొని తిరుగుతున్నవా? ఏం మింగినవో నిజం జెప్పు." చెప్పాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. "కలుపు సావాలని మందు గొడితే చేన్ల వానపాములు గూడ సస్తయ్. నీ కడుపు గూడ గట్లనే అయింది. ఇగ మల్ల పానం వోయాలె." రాత్రి జొన్నపిండి నానబెట్టి, పొద్దుటికి పులిశాక కాచి, చల్లారాక పుల్లటి చల్ల కలిపి ఉల్లిగడ్డతో ముందు పెట్టింది. ఫ్యాక్టరీ మనిషినయ్యాక నేను క్యాంటీన్ బ్రెడ్డు తప్ప అంబలి ముట్టినవాణ్ణి కాను. ముక్కు మూసుకుని తాగాను. క్యాప్సూళ్లు ఎలాగూ మానేశాను. వారం తిరిగేసరికి తొమ్మిది పరుగులు రెండయ్యాయి.

ఇంతలో మేనేజర్ పిలిచాడు. కోస్తా వైపు మనిషి, కోపమొస్తే మెల్లగా మాట్లాడతాడు. బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది. "ఎవర్ని కలుస్తున్నావయ్యా? ఎంతమంది చేరారు?" నోరు మూస్తే యూనియన్ నాయకుణ్ణి, తెరిస్తే దొంగను. ఏదైనా పర్మనెంట్ కాగితం గల్లంతే. బల్ల గుద్ది, కళ్లలోకి చూసి నిజం గర్జించాను. (ఏడ్చాను.)

"యూనియన్ గాదు సార్, కడుపు! సొట్టవడ్డయి మింగిన సార్, రోజుకు రెండు."

ఆయన లేచి వెళ్లి తలుపు వేశాడు. నా కొలువు అయిపోయిందనుకున్నాను. తిరిగొచ్చి గొంతు తగ్గించాడు. "నువ్వు రెండా? నేను ఒక్కటేనయ్యా, జలుబు రాకుండా. నాలుగు రోజులుగా కుర్చీలో కుదురుగా కూర్చుంటే ఒట్టు. నీకెలా తగ్గింది?"

"అంబలి సార్."

"అంటే?"

మర్నాటి నుంచి అమ్మ రెండు సీసాలు కట్టిచ్చింది. సొట్ట క్యాప్సూళ్ల డబ్బాకు తాళం పడింది, తాళంచెవి నా చేతికే వచ్చింది. పర్మనెంట్ కాగితమూ వచ్చింది. అది చూసి పొడుగన్న నాతో మాట మానేశాడు. "యూనియన్ను అమ్ముకున్నవ్ గద రా!" అన్నాడు ఆఖరిసారి. ఏడాదిపాటు ఎదురైనప్పుడల్లా నిజం నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేవాణ్ణి. ఇవాళ రాసేస్తున్నాను, పొడుగన్నా, చదివితే నవ్వుకో. నాకైతే ఆ పడుచువాణ్ణి తలుచుకుంటే నవ్వూ వస్తోంది, జాలీ వేస్తోంది. ద్రోహి అనిపించుకోవడానికి ఒప్పుకున్నాడు గానీ, కడుపు జారిందని ఒప్పుకోలేదు.